నక్షత్రాలు పాతవి, గెలాక్సీ కొత్తది: క్లస్టర్ నడిమధ్యలోని పెద్ద గెలాక్సీ ఎలా పెరుగుతుంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను. గెలాక్సీ క్లస్టర్ల (ఆకర్షణతో కలిసి ఉండే వందల గెలాక్సీల గుంపుల) నడిమధ్యలో ఉండే, అన్నిటికంటే ప్రకాశవంతమైన గెలాక్సీలు వెయ్యి కోట్ల ఏళ్ల కిందటే తయారైపోయాయని ఒక వ్యాసంలో చదివారు. అవి ఇప్పటికీ పక్కవాటిని మింగుతూ పెరుగుతున్నాయని ఇంకో వ్యాసంలో చదివారు. ఏది నమ్మాలి, మనకు దగ్గర్లో ఉన్న ఎం87 గెలాక్సీ కూడా ఇంకా పెరుగుతోందా అని అడిగారు.

రెండూ నమ్మవచ్చు. ఈ గెలాక్సీలకు రెండు వయసులు ఉంటాయి. అందులోని నక్షత్రాలు పుట్టిన కాలం ఒకటి. ఆ నక్షత్రాలన్నీ ఒకే గెలాక్సీగా ఒకచోట చేరిన కాలం ఇంకొకటి. మన పాలపుంత లాంటి గెలాక్సీలో ఈ రెండూ చాలావరకు కలిసే నడుస్తాయి. వాయువు వచ్చి చేరుతుంది, అక్కడే నక్షత్రాలు పుడతాయి. క్లస్టర్ మధ్యలోని గెలాక్సీకి మాత్రం ఈ రెండు వయసుల మధ్య వందల కోట్ల ఏళ్ల ఎడం ఉంటుంది. పాత ఇళ్లు విప్పి, ఆ ఇటుకలు, దూలాలు తెచ్చి కొత్త ఇల్లు కట్టారనుకోండి. ఇటుకను పట్టుకుని చూసినవారు వందేళ్లు అంటారు. గోడలు లేచిన తేదీ చూసినవారు పదేళ్లు అంటారు. మీరు చదివిన రెండు వ్యాసాలు ఇలా చెరొక వయసు గురించీ రాసి ఉంటాయి.

ఈ రంగంలో వీటిని బ్రైటెస్ట్ క్లస్టర్ గెలాక్సీ, పొట్టిగా బీసీజీ అంటారు కాబట్టి నేనూ అదే వాడతాను. బాగా పెద్ద క్లస్టర్‌లో ఒక బీసీజీలోని నక్షత్రాల మొత్తం ద్రవ్యరాశి సూర్యుడికి లక్ష కోట్ల రెట్లు దాకా ఉంటుంది. అంటే మన పాలపుంత నక్షత్రాలన్నీ కలిపిన దానికి పది, ఇరవై రెట్లు. రంగు ఎరుపు, ఆకారం కోడిగుడ్డులా. చుట్టూ ఎక్కడ ముగుస్తుందో చెప్పలేనంత పలుచని కాంతి పరుచుకుని ఉంటుంది. ఆ పలుచని కాంతి దగ్గరే సగం గొడవ ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మొదటి వయసు సంగతి. బిగ్ బ్యాంగ్ తర్వాత 140 కోట్ల ఏళ్ల నాటి ఒక దృశ్యం మనకు దొరికింది. ఎస్‌పీటీ2349-56 అనే చోట, మన పాలపుంత కంటే కొన్ని రెట్లు మాత్రమే పెద్దదైన జాగాలో 14 గెలాక్సీలు కిక్కిరిసి ఉన్నాయి. ప్రతి ఒక్కదానిలో నక్షత్రాలు జోరుగా పుడుతున్నాయి. 2018లో ఈ ఫలితం వచ్చినప్పుడు ఆ బొమ్మను నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అవన్నీ కలిసిపోయి ఒక బీసీజీ నడిభాగంగా మారతాయని అంచనా. ఇంకొంచెం తర్వాతి కాలంలో, అంటే వెయ్యి కోట్ల ఏళ్ల కిందట, స్పైడర్‌వెబ్ అనే గెలాక్సీ కనిపిస్తుంది. సాలెగూడులో చిక్కిన పురుగుల్లా చుట్టూ చిన్న గెలాక్సీలు, మధ్యలో రేడియో తరంగాలు చిమ్మే పెద్ద గెలాక్సీ. 2016లో దాని చుట్టూ పెద్ద చల్లని వాయు మేఘం ఉందని తేలింది. అందులోంచి నేరుగా నక్షత్రాలు పుడుతున్నాయి. అంటే ఆ రోజుల్లో బీసీజీల పూర్వీకులు వాయువు తాగి పెరిగాయి. ఇప్పటిలా రెడీమేడ్ నక్షత్రాల మీద బతకలేదు.

2007లో గాబ్రియెల్లా డి లూసియా, జెరెమీ బ్లైజో కంప్యూటర్ మోడల్‌తో ఈ రెండు వయసులనూ విడదీసి చూపించారు. వాళ్ల లెక్క ప్రకారం నేటి బీసీజీలో ఉన్న నక్షత్రాల్లో సగం బిగ్ బ్యాంగ్ తర్వాత దాదాపు 120 కోట్ల ఏళ్లకే పుట్టేశాయి. 220 కోట్ల ఏళ్లు వచ్చేసరికి 80 శాతం పుట్టేశాయి. కానీ నేటి ద్రవ్యరాశిలో సగం ఒకే గెలాక్సీలో చేరడం మాత్రం గత 500 కోట్ల ఏళ్లలోనే జరిగింది. అప్పటిదాకా ఆ నక్షత్రాలు వేర్వేరు చిన్న గెలాక్సీల్లో విడివిడిగా ఉన్నాయి. ఇది మోడల్ మాత్రమే, అంకెలు అటూ ఇటూ అవుతాయి. కానీ బీసీజీల గురించి ఒక్క విషయమే గుర్తుపెట్టుకోవాలంటే ఈ ఎడాన్నే గుర్తుపెట్టుకోమంటాను.

ఇక మింగడం ఎలా జరుగుతుంది? ఇక్కడ చాలామంది అనుకునేది ఒకటి, జరిగేది ఒకటి. క్లస్టర్‌లో గెలాక్సీలు సెకనుకు వెయ్యి కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటాయి. ఆ వేగంలో రెండు మామూలు గెలాక్సీలు ఎదురుపడితే కలవవు, ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోతాయి. మరి మధ్యలోని గెలాక్సీ వాటిని ఎలా పట్టుకుంటుంది? దీనికి జవాబు 1943లో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఇచ్చారు. భారీ వస్తువు ఒకటి నక్షత్రాల, డార్క్ మ్యాటర్ (కంటికి కనిపించకుండా ఆకర్షణతోనే తెలిసే పదార్థం) మధ్యలోంచి వెళ్తుంటే దాని ఆకర్షణకు చుట్టూ ఉన్నవి దానివైపు వంగుతాయి. అవి వంగేలోపు వస్తువు ముందుకెళ్లిపోతుంది కాబట్టి దాని వెనకాల గుమిగూడతాయి. ఆ గుంపు వెనక్కి లాగుతుంది. ఏదీ తగలకుండానే బ్రేకు పడ్డట్టు అవుతుంది. వస్తువు ఎంత బరువైతే ఈ లాగుడు అంత ఎక్కువ. అందుకే చిన్న గెలాక్సీలు విశ్వం వయసంత కాలం తిరిగినా మధ్యకు చేరకపోవచ్చు. పెద్దవి మాత్రం కొన్ని వందల కోట్ల ఏళ్లలో వేగం కోల్పోయి, సుడి తిరుగుతూ మధ్యకు దిగిపోతాయి.

1975లో జెరెమయ్య ఆస్ట్రైకర్, స్కాట్ ట్రిమైన్ ఈ సూత్రాన్ని బీసీజీలకు అన్వయించారు. ఆ తర్వాత గెలాక్సీ నరమాంసభక్షణ అనే మాట జనంలోకి వెళ్లింది. నాకు ఆ మాట అంతగా నచ్చదు. మింగబడే గెలాక్సీ ఒక్కసారిగా మాయం కాదు. దిగేటప్పుడే దాని బయటి నక్షత్రాలు ఊడి తోకల్లా సాగుతాయి. చివరికి దాని గట్టి కేంద్రకం మాత్రమే మధ్యకు చేరుతుంది. దీన్ని కళ్లతో చూడాలంటే ఏబెల్ 3827 అనే క్లస్టర్ బొమ్మ తెరవండి. సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, ఒకే పసుపు కాంతి మేఘంలో కనీసం నాలుగు గెలాక్సీల కేంద్రకాలు పక్కపక్కనే మెరుస్తుంటాయి. ఇంకా కలవలేదు, కలవబోతున్నాయి. నేను ఎవరికైనా బీసీజీ అంటే ఏమిటో చెప్పాల్సి వస్తే మొదట ఈ బొమ్మే చూపిస్తాను.

కొన్నిసార్లు ఈ పని క్లస్టర్‌లోకి రాకముందే జరుగుతుంది. చిన్న గుంపుల్లో గెలాక్సీలు నెమ్మదిగా తిరుగుతాయి కాబట్టి అక్కడ కలవడం తేలిక. ఆ గుంపు మొత్తం తర్వాత పెద్ద క్లస్టర్‌లో పడుతుంది. అప్పుడు ఒక్కోసారి ఒకే క్లస్టర్‌లో ఇద్దరు పెద్దలు ఉంటారు. 32 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని కోమా క్లస్టర్‌లో ఎన్‌జీసీ 4889, ఎన్‌జీసీ 4874 అని రెండు రాక్షస గెలాక్సీలున్నాయి. రెండు క్లస్టర్లు కలిసిన గుర్తు అది. మన పక్కనే ఉన్న వర్గో క్లస్టర్‌లో అందరూ ఎం87నే అతి పెద్దదనుకుంటారు. మధ్యలో ఉన్నది అదే, కానీ నిజానికి కొంచెం ఎక్కువ వెలిగేది ఎం49. కాబట్టి బీసీజీ అనే పదవి శాశ్వతం కాదు. ఈ రోజు ఉన్నది 500 కోట్ల ఏళ్ల కిందట అదే క్లస్టర్‌లో మొదటి స్థానంలో లేకపోవచ్చు.

పెరిగే తీరు గెలాక్సీ ఆకారాన్నీ మారుస్తుంది. వాయువు లేని, సరిసమానమైన రెండు గెలాక్సీలు కలిస్తే ద్రవ్యరాశి రెండింతలవుతుంది, సైజు కూడా దాదాపు రెండింతలవుతుంది. అదే ద్రవ్యరాశిని చిన్న చిన్న ముక్కలుగా మింగితే సైజు నాలుగింతల దాకా పోతుంది. చిన్నవాటి నక్షత్రాలు వదులుగా కట్టి ఉంటాయి, ఎక్కువగా బయటి అంచుల్లోనే రాలిపోతాయి. బీసీజీ మధ్యభాగంలో ఇనుము, మెగ్నీషియం లాంటి బరువైన మూలకాలు ఎక్కువ, బయటికి వెళ్లేకొద్దీ తగ్గుతాయి. లోపలిది సొంత ఇంటి సరుకు, బయటిది ఎక్కువగా చిన్న గెలాక్సీల నుంచి వచ్చిన సరుకు కాబట్టి అలా ఉంటుంది. లోపలి భాగం పాతకాలంలోనే గట్టిపడి, పెరుగుదలంతా బయటే జరుగుతుందన్నమాట.

ఇప్పుడు వాయువు సంగతి. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే బీసీజీ కథలో నన్ను ఇన్నేళ్లూ పట్టి ఉంచింది ఇదే. పెద్ద క్లస్టర్‌లో గెలాక్సీల మధ్య ఖాళీ అంతా కోట్ల డిగ్రీల వేడి వాయువుతో నిండి ఉంటుంది. దాని బరువు గెలాక్సీల్లోని నక్షత్రాలన్నిటి కంటే కొన్ని రెట్లు ఎక్కువ. అది ఎక్స్‌రేలు వెదజల్లుతూ చల్లబడుతుంది. మధ్యలో వాయువు చిక్కగా ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకా తొందరగా చల్లబడాలి. చల్లబడింది నడిమధ్యలోని బీసీజీలోకి కురవాలి. పాత లెక్కల ప్రకారం కొన్ని క్లస్టర్లలో ఏటా వందల సూర్యుళ్లంత వాయువు దిగి నక్షత్రాలుగా మారాలి. అలా జరిగి ఉంటే ఇవాళ్టి బీసీజీలన్నీ నీలంగా, కొత్త నక్షత్రాలతో తళతళలాడేవి. కానీ అవి ఎర్రగా ఉన్నాయి. 2001 ప్రాంతంలో ఎక్స్‌ఎంఎం-న్యూటన్ టెలిస్కోపు వర్ణపటాలు వచ్చాక, చల్లబడుతూ ఉండాల్సిన వాయువు ఆ మోతాదులో లేదని స్పష్టమైంది. ఎవరో పొయ్యి ఆరకుండా చూస్తున్నారు.

ఆ పని చేస్తున్నది గెలాక్సీ మధ్యలోని బ్లాక్‌హోల్. దాదాపు 24 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని పర్సియస్ క్లస్టర్‌లో, ఎన్‌జీసీ 1275 అనే బీసీజీ చుట్టూ చంద్రా ఎక్స్‌రే టెలిస్కోపు తీసిన బొమ్మ చూస్తే వేడి వాయువులో పెద్ద పెద్ద బుడగలు కనిపిస్తాయి. బ్లాక్‌హోల్ దగ్గర్నుంచి పిచికారీలా చిమ్మిన జెట్లు వాయువును పక్కకు నెట్టి చేసిన ఖాళీలవి. చుట్టూ అలలు కూడా ఉన్నాయి, చెరువులో రాయి వేస్తే లేచే వలయాల్లా. 2003లో వాటిని ధ్వని తరంగాలుగా గుర్తించారు. ఒక అలకూ ఇంకో అలకూ మధ్య దాదాపు కోటి ఏళ్ల ఎడం. వాయువు చల్లబడి కొంచెం కిందికి దిగుతుంది, బ్లాక్‌హోల్‌కు మేత దొరుకుతుంది, జెట్లు లేస్తాయి, వాయువు మళ్లీ వేడెక్కుతుంది, మేత ఆగుతుంది. ఇంత చిన్న వస్తువు లక్షల కాంతి సంవత్సరాల మేర వాతావరణాన్ని అదుపులో పెట్టడం నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడిచే విషయం. మన సౌర కుటుంబమంత సైజున్న వస్తువు ఒక క్లస్టర్ గుండెకు థర్మోస్టాట్‌గా పనిచేస్తోంది.

ఎంఎస్ 0735 అనే క్లస్టర్‌లో ఈ బుడగలు ఒక్కొక్కటి ఆరు లక్షల కాంతి సంవత్సరాలకు పైగా వెడల్పుంటాయి. పాలపుంత మొత్తాన్ని అందులో పెట్టినా మూలకు సరిపోతుంది.

అయితే అదుపు ఎప్పుడూ పూర్తిగా ఉండదు. ఎన్‌జీసీ 1275 చుట్టూనే సన్నని దారాల్లా చల్లని వాయువు వేలాడుతుంటుంది. హబుల్ బొమ్మల్లో ఆ దారాల మందం సుమారు 200 కాంతి సంవత్సరాలే, పొడవు మాత్రం వేలల్లో. అవి తెగిపోకుండా అయస్కాంత క్షేత్రాలు పట్టుకుని ఉన్నాయని 2008లో వచ్చిన పని చెప్పింది. ఇంకో చివర ఫీనిక్స్ క్లస్టర్ ఉంది. 570 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. దాని బీసీజీలో ఏటా వందల సూర్యుళ్లంత నక్షత్రాలు పుడుతున్నాయి. పాలపుంతలో ఏటా పుట్టేది ఒకటి రెండు సూర్యుళ్లంత మాత్రమే. అక్కడ బ్లాక్‌హోల్ కొంతకాలంగా వెనకబడినట్టుంది. ఇలాంటివి అరుదు. గత కొన్ని వందల కోట్ల ఏళ్లలో బీసీజీ బరువు పెరగడానికి కొత్త నక్షత్రాల వాటా సాధారణంగా తక్కువ.

బ్లాక్‌హోల్ ఇంకో ముద్ర కూడా వేస్తుంది. రెండు పెద్ద గెలాక్సీలు కలిస్తే వాటి బ్లాక్‌హోల్స్ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ దగ్గరకొస్తాయి. దారిలో అడ్డొచ్చిన నక్షత్రాలను విసిరి పారేస్తాయి. దానివల్ల గెలాక్సీ నడిబొడ్డు బోలుగా, మసకగా అవుతుంది. ఏబెల్ 2261 బీసీజీలో ఈ మసక భాగం దాదాపు 10 వేల కాంతి సంవత్సరాల మేర ఉంది. అంత పెద్ద గెలాక్సీలో ఉండాల్సిన బ్లాక్‌హోల్ కోసం హబుల్‌తో, చంద్రాతో వెతికినా కనిపించలేదు. ఏబెల్ 85 క్లస్టర్‌లోని హోమ్ 15ఏ గెలాక్సీ కూడా అలాగే మసక గుండె ఉన్నదే. అక్కడ బ్లాక్‌హోల్ బరువు 4,000 కోట్ల సూర్యుళ్లని 2019లో కొలిచారు.

ఇప్పుడు మొదట పక్కన పెట్టిన పలుచని కాంతి దగ్గరికి వద్దాం. 'ఎంత పెరిగింది' అనే ప్రశ్నకు జవాబుల్లో ఇంత తేడా రావడానికి పెద్ద కారణం అదే. 2009లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, దూరపు క్లస్టర్లలోని బీసీజీలు అప్పటికే నేటి బీసీజీలంత బరువున్నాయని, మోడళ్లు చెప్పినంత ఎదుగుదల లేదని తేల్చింది. 2012లో క్రిస్ లిడ్‌మన్ బృందం దాదాపు 740 కోట్ల ఏళ్ల కిందటి నుంచి 250 కోట్ల ఏళ్ల కిందటి వరకు బీసీజీ బరువు 1.8 రెట్లు పెరిగిందని చెప్పింది. తేడా ఎక్కడ వచ్చింది? ఒక కారణం, పెద్ద క్లస్టర్‌లో పెద్ద బీసీజీ ఉంటుంది. దూరంగా చూస్తే బాగా వెలిగే భారీ క్లస్టర్లే ముందు దొరుకుతాయి, వాటి బీసీజీలు సహజంగానే బరువైనవి. పైగా ఆ క్లస్టర్ ఇవాళ్టికి ఇంకా పెరిగి ఉంటుంది. కాబట్టి దాన్ని నేటి అంతే బరువున్న క్లస్టర్‌తో పోల్చకూడదు, అది ఎదిగి ఏమవుతుందో దానితో పోల్చాలి. పదేళ్ల పిల్లాణ్ని ఇంకో పదేళ్ల పిల్లాడితో పోలిస్తే ఎదుగుదల ఎలా తెలుస్తుంది?

రెండో కారణం, అంచు ఎక్కడ గీస్తాం అన్నది. నేను మొదటిసారి ఒక బీసీజీ కాంతిని కొలిచినప్పుడు జరిగింది చెప్తాను. ఏ బొమ్మలోనైనా గెలాక్సీ కాంతితో పాటు రాత్రి ఆకాశపు వెలుగు కూడా ఉంటుంది. గెలాక్సీ లేని చోట ఒక గడి గీసి, అక్కడి వెలుగు కొలిచి, బొమ్మ మొత్తం నుంచి తీసేస్తాం. బీసీజీ బయటి కాంతి ఈ ఆకాశపు వెలుగులో నూరో వంతు కంటే తక్కువ. నేను గీసిన గడి చీకటిగానే ఉంది, కంటికి ఏమీ కనిపించలేదు. అంతా సరిగ్గా చేశాననే అనుకున్నాను. తర్వాత నా సీనియర్ ఒకరు గడిని నాలుగింతల దూరం జరిపి మళ్లీ కొలవమన్నారు. గెలాక్సీ వెలుగు ఉన్నట్టుండి పెరిగింది, అంచు బాగా బయటికి జరిగింది. అప్పటిదాకా గెలాక్సీ సొంత కాంతినే ఆకాశం అనుకుని తీసేస్తూ వచ్చాను. రెండు రోజులు నిద్ర పట్టలేదు, పాత కొలతలన్నీ తిరగదోడాను. పెద్ద సర్వేల పాత కేటలాగుల్లో కూడా పెద్ద గెలాక్సీలకు ఇదే జరిగిందని తర్వాత తెలిసింది.

గెలాక్సీ పెరిగేది ఎక్కువగా అంచుల్లోనే అని పైన చెప్పాను కదా. ఆ అంచునే కోసేస్తే ఎదుగుదల కనిపించదు. 2009 నాటి జవాబుకూ, తర్వాతి జవాబులకూ మధ్య ఉన్న దూరంలో కొంత ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఇంకా బయటికి వెళ్తే ఏ గెలాక్సీకీ చెందని నక్షత్రాలుంటాయి. మింగే క్రమంలో ఊడిపోయి, క్లస్టర్ మొత్తం ఆకర్షణలో తేలుతున్నవి. 1951లోనే ఫ్రిట్జ్ జ్వికీ కోమా క్లస్టర్‌లో ఈ కాంతిని గుర్తించారు. 2024లో యూక్లిడ్ టెలిస్కోపు పర్సియస్‌లో ఇలాంటి అనాథ నక్షత్రాలు 1.5 లక్షల కోట్ల దాకా ఉంటాయని లెక్క తేల్చింది. బీసీజీ ఎక్కడ ఆగుతుంది, ఈ కాంతి ఎక్కడ మొదలవుతుంది అన్నదానికి ప్రకృతిలో గీత లేదు. మనమే గీస్తాం. అందుకే బీసీజీ బరువు చెప్పే ఏ పేపరైనా మీ చేతికొస్తే, ముందు అది మధ్య నుంచి ఎంత దూరం వరకు కొలిచారో చూడండి. 1.6 లక్షల కాంతి సంవత్సరాల వరకా, 3 లక్షల వరకా అన్నదాన్ని బట్టి మొత్తం కథ మారిపోతుంది.

పక్కన ఒక చిన్న విషయం. బీసీజీ కోలగా ఉంటుంది కదా, ఆ కోల దిక్కు క్లస్టర్ సాగిన దిక్కుతో కలుస్తుంది. 1968లో జి.ఎన్. శాస్త్రి దీన్ని చూపించారు. 2017లో హబుల్ బొమ్మలతో చేసిన పని, వెయ్యి కోట్ల ఏళ్ల కిందటే ఈ పొందిక ఉందని చెప్పింది. గెలాక్సీలు క్లస్టర్‌లోకి అన్ని దిక్కుల నుంచీ సమంగా రావు. డార్క్ మ్యాటర్ కాలువల వెంట వస్తాయి. బీసీజీ తనకు మేత వచ్చిన దారిని తన ఆకారంలోనే దాచుకుంది.

చివరగా మీ ఎం87. 5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. 2019లో మనం మొదటిసారి ఫోటో చూసిన 650 కోట్ల సూర్యుళ్ల బ్లాక్‌హోల్ దీనిలోదే. నక్షత్రాలు ముసలివి, కొత్తవి దాదాపు పుట్టడం లేదు. జెట్ మాత్రం వేల కాంతి సంవత్సరాల పొడవున వెలుగుతూనే ఉంది. 1918లో హీబర్ కర్టిస్ దీన్ని గెలాక్సీ మధ్య నుంచి వచ్చే తిన్నని కిరణంలా ఉందని రాశారు. అది పెరుగుతోందా అన్నదానికి 2015లో నేరుగా జవాబు దొరికింది. చనిపోయే దశలో ఉన్న నక్షత్రాల చుట్టూ ఏర్పడే ప్లానెటరీ నెబ్యులాలు అనే వాయు మేఘాలు ఒక ప్రత్యేకమైన ఆకుపచ్చ కాంతిలో మెరుస్తాయి. ఎం87 బయటి భాగంలో అలాంటివి 300 వరకు పట్టుకుని, చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుతో ఒక్కొక్కదాని వేగం కొలిచారు. వాటిలో కొన్ని మిగతా వాటితో కలవకుండా ఒక గుంపుగా, వేరే తీరులో కదులుతున్నాయి. గత వంద కోట్ల ఏళ్లలో ఒక మధ్యస్థాయి గెలాక్సీ ఎం87లో పడి చెదిరిపోయింది. ఆ గెలాక్సీ ఇప్పుడు విడిగా కనిపించదు. దాని నక్షత్రాలు మాత్రం వచ్చిన దారిని ఇంకా మరచిపోలేదు. అవి పడిన చోట ఎం87 అంచు మిగతా చోట్ల కంటే కొంచెం నీలంగా ఉంటుంది.